లెక్కలు రాని పిట్టలు

నర్సు డేరాలో నిద్రపోయింది.

కళ్ళు తెరిచేసరికి వాగు మీద వెలుతురు పోయింది. కెమెరాలో ఒక్క ఫొటో లేదు.

"గురక పెట్టానా అక్కా?" అని అడిగింది, తీసుకెళ్ళడానికి వచ్చిన పెద్దక్కని.

"పెట్టావు. వాగవతలికి వినిపించింది. లే, చీకటి పడుతోంది."

నర్సుకి ఏడుపొచ్చింది. ఈ సెలవు కోసం ఆసుపత్రిలో ఎంతమంది కాళ్ళావేళ్ళా పడిందో ఆమెకే తెలుసు. ఆడవాళ్ళంతా కలిసి వీపున సంచులేసుకుని కొండల్లో తిరుగుతూ ఫొటోలు తీయడం నేర్చుకుంటారంటే, "అలసట తీర్చుకోవడానికి బరువులు మొయ్యడమేమిటి?" అని నవ్వాడు ఆమె భర్త. నిజమే. కానీ ఈ బరువు ఆమె ఏరి కోరి ఎత్తుకున్నది.

ఒక్క ఫొటో కావాలి. గోడకు తగిలించుకుని, ఇది నేను తీశాను అని చెప్పుకోవడానికి ఒక్కటంటే ఒక్కటి.

వాగు గట్టుకి కన్నం చేసుకుని లకుముకి పిట్టలు పిల్లల్ని పెట్టాయి. ఎదురుగా చిన్న గుడ్డ డేరా. పూటకి ఒక్కరికే వంతు. గుంపుగా వెళితే పిట్టలు బెదిరిపోతాయి.

"పిట్టలకు లెక్కలు రావు," అని మొదటిరోజే చెప్పింది నేర్పే మేడమ్. "ఇద్దరు డేరాలోకి వెళ్ళండి. ఒకరు బయటికొచ్చి, వాటికి కనబడేలా నడుచుకుంటూ వెళ్ళిపోండి. మనుషులు పోయారనుకుని అవి గూటికొస్తాయి. తోడెవరు వెళతారో మీలో మీరు చూసుకోండి."

చూసుకోవడానికేముంది? పెద్దక్క ఉందిగా.

ఆమె మేడమ్ జీపులోంచే దిగింది, మేడమ్ కెమెరా స్టాండు భుజాన పెట్టుకుని. దిగగానే అందరి టీ కప్పులూ కడిగింది. మేడమ్ మనిషే అనుకున్నారు అందరూ. వయసు చూసి పెద్దక్కా అని పిలిచారే తప్ప, పేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఆమె చెప్పుకోనూ లేదు.

ప్రతి పూటా ఆమే తోడు. డేరాలో కాసేపు కూర్చుని, ఎండలో రాళ్ళ మీదుగా వెనక్కి నడిచిపోయేది. మేడమ్ పాఠం చెబుతుంటే, కప్పులు తుడుస్తూ వెనక నిలబడి వినేది.

"పెద్దక్కా, మొత్తం నేర్చేసుకుని మేడమ్ పొట్ట కొట్టేలా ఉన్నావే!" అని లాయరమ్మ ఏడిపిస్తే నవ్వి ఊరుకునేది.

ఆఖరి రోజు పొద్దున్నే మేడమ్ చెప్పింది. "పిల్లలు కన్నం అంచుకొచ్చేశాయి. ఇవాళో రేపో ఎగిరిపోతాయి." మధ్యాహ్నం అడవిపూలు చూపిస్తానని తక్కినవాళ్ళని తీసుకుని కొండెక్కింది.

కాళ్ళు నొప్పులని నర్సు ఉండిపోయింది. మనసులో ఒకటే లెక్క వేసుకుంటోంది. లాయరమ్మ వంతు అయింది, అక్కచెల్లెళ్ళిద్దరివీ అయ్యాయి, కాలేజీ పిల్లదీ అయింది. తనది నిద్రపాలైంది. అంటే ఈ సాయంత్రం మిగిలిపోయినట్టే.

పొద్దు వాలుతుండగా చూస్తే, పెద్దక్క తన గుడారం ముందు నిలబడి ఉంది. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, భుజాన సంచి తగిలించుకుని ఎక్కడికో బయల్దేరినట్టుంది.

"అక్కా, నీకోసమే వస్తున్నా. ఈ సాయంత్రం డేరా ఖాళీయేగా?"

పెద్దక్క భుజానున్న సంచి పట్టీని పట్టుకుంది.

"ఖాళీ అనుకున్నావా?"

"అందరివీ అయిపోయాయి కదా! నాకు ఇంకొక్కసారి తోడు రా అక్కా. ఇంటికెళితే మళ్ళీ ఈ జన్మకి కుదరదు. కాదనకు."

పెద్దక్క ఆమె కళ్ళ కింది నలుపుని చూసింది.

"మొన్న ఎందుకు నిద్రపోయావు?"

"ఇంట్లో, డ్యూటీలో ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. ఆ డేరాలో ఎవరూ పిలవలేదు. అంతే, ముంచుకొచ్చేసింది."

పెద్దక్క సంచి సర్దుకుంది.

"సరే పద. వెలుతురు ఉండగానే వెళ్దాం."

డేరాలో ఆమె ఆ రోజు కాస్త ఎక్కువసేపే కూర్చుంది. వంగి, గుడ్డకున్న కంతలోంచి చూసింది.

"ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తుందే!" అంది.

"ఇన్నిసార్లు వచ్చావు, పిట్టని చూడలేదా?"

"నేనుంటే అవి రావుగా."

బయటికెళ్ళి రాళ్ళ మీద మెల్లగా నడిచింది. ఆమె ఇంకా కనుమరుగు కాకముందే లకుముకి పిట్ట చేపతో వాలింది. కన్నంలోంచి పిల్ల నోరు తెరిచింది. నర్సు ఊపిరి బిగబట్టి మీట నొక్కింది.

దొరికింది. ఒళ్ళంతా తేలికైపోయింది.

మర్నాడు పొద్దున్నకి గూడు ఖాళీ. పెద్దక్క గుడారం కూడా ఖాళీ. తెల్లవారుజామున బస్సు అందుకుని వెళ్ళిపోయిందట. ఆమెకి ఫొటో చూపించాలని పరుగెత్తుకొచ్చిన నర్సు ఉసూరుమంది.

మేడమ్‌కే చూపించింది.

"బ్రహ్మాండంగా ఉంది!" అంది మేడమ్.

"వెనక ఆ మచ్చే లేకపోతేనా! పెద్దక్క ఇంకాస్త గబగబా నడవాల్సింది."

మేడమ్ ఫొటోని పెద్దది చేసి చూసింది. రాళ్ళ మధ్య, సంచితో, వీపు తిప్పి వెళుతున్న మనిషి.

"ఇది నిన్న సాయంత్రమా? ఆవిడ బయటుందేమిటి?"

"తోడొచ్చింది మేడమ్. ఎప్పుడూ ఆమేగా వచ్చేది. మీ మనిషే కదా!"

"నా మనిషేమిటి? దారిలో నడిచొస్తుంటే జీపెక్కించుకున్నాను, అంతే."

మేడమ్ కెమెరా తిరిగిచ్చేసి, పక్కనే ఉన్న రాయి మీద కూర్చుండిపోయింది.

"ఆవిడా మీలాగే నేర్చుకోవడానికొచ్చిందమ్మా. పాత కెమెరా, మీ అందరి ముందూ తీయడానికి సిగ్గేసి సంచిలోనే దాచుకుంది. నిన్న సాయంత్రం ఆవిడ వంతు. డేరాలో ఒక్కదాన్నే ఉంటానుగా, అప్పుడు తీస్తానంది."