చీమల పుస్తకం

"ఆ కుర్చీ వద్దమ్మా. ఈ పెట్టె మీద కూర్చోండి."

జీపు దిగి మెత్తటి కుర్చీ వైపు నడవబోయిన పెద్దావిడ ఆగింది. ఖాళీ బ్యాటరీ పెట్టె మీద కూర్చుంది.

ఆ షాపు మెకానిక్‌ని వీధంతా బ్యాటరీ బాబాయ్ అంటుంది. జీపులకి రెండో బ్యాటరీ బిగించడంలో అతనికి అతనే సాటి. ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు చెప్పేది కూడా అతనే.

"మీది నూరో బండి," అన్నాడు బానెట్ ఎత్తుతూ. "తొంభై తొమ్మిది బిగించాను. ఒక్కటీ తిరిగి రాలేదు."

"బాగుండి రాలేదా, రాలేక రాలేదా?" అందావిడ.

కౌంటర్ దగ్గరున్న భార్య ఫక్కున నవ్వింది. బాబాయ్‌కి చుర్రుమంది.

"మీకు రెండోది ఎందుకమ్మా?" అన్నాడు మాట మారుస్తూ.

"మా చెల్లెలి మందులు చల్లగా ఉండాలి. వెనక చిన్న ఫ్రిజ్ పెట్టుకున్నాం. రాత్రంతా అది నడిస్తే పొద్దున బండి కదలనంటోంది."

"ఇక చచ్చినట్టు కదులుతుంది. ఇంజనుకి ముందు బ్యాటరీ, ఫ్రిజ్‌కి వెనకది. బండి నడుస్తున్నంతసేపూ ముందుది వెనకదాన్ని నింపుతుంది. ఆపగానే దేని దారి దానిదే."

రెండు గంటలు పట్టింది. కేబుల్‌ని జానెడుకో చోట కట్టాడు. ఇనుప అంచు తగిలే చోటల్లా రబ్బరు తొడిగాడు. ముందు బ్యాటరీ పక్కనే ఫ్యూజు బిగించాడు. లేచి నిలబడి తన పని చూసుకుని తనే మురిసిపోయాడు.

ఆవిడ వచ్చి, వంగి, కేబుల్ పొడవునా చూసింది.

"వెనక ఫ్యూజు ఏది?"

"ముందు పెట్టానుగా! చీమలు వెళ్లేది ముందు నుంచి వెనక్కే."

"చీమలా?"

"కరెంటమ్మా. నేను పని నేర్చుకున్న పుస్తకంలో కరెంటుని చీమల బారులాగా వేశారు. చేత్తో రాసి జిరాక్సు తీసిన పుస్తకం. ముందు అట్ట ఊడిపోయింది, రాసిన మహానుభావుడి పేరు కూడా తెలీదు. ఎప్పటికైనా ఆయనొస్తే కూర్చోబెట్టాలనే ఆ కుర్చీ. ఇరవై ఏళ్లుగా నేను కూడా కూర్చోలేదు."

"దుమ్ము దులిపేది మాత్రం నేను," అంది భార్య.

ఆవిడ నవ్వలేదు.

"కేబుల్ మధ్యలో ఒరుసుకుపోయి బండి ఇనుముకి తగిలిందనుకోండి. ఏమవుతుంది?"

"ముందు ఫ్యూజు పోతుంది. చీమలు ఆగిపోతాయి. బండి భద్రం."

"ముందు నుంచి వచ్చేవి ఆగాయి. వెనక బ్యాటరీలో ఉన్న చీమలో?"

బాబాయ్ వంగి, కేబుల్ వెంట వెనక బ్యాటరీ దాకా చూశాడు.

వెనక కూడా నిండు బ్యాటరీ ఉంది. అక్కడి చీమలు ఎదురు నడిచి వస్తాయి. వాటిని ఆపేది ఏదీ లేదు. వైరు ఎర్రగా కాలుతుంది. దాన్ని ఆనుకునే సీట్లు, సీట్లలో మనుషులు.

అలాంటి బండ్లు తొంభై తొమ్మిది.

ఇంకో ఫ్యూజు తెచ్చి, తల ఎత్తకుండా వెనక బిగించాడు.

"ఆ పుస్తకం ఓసారి చూడొచ్చా?" అందావిడ మెల్లగా.

తెచ్చి ఇచ్చాడు. గ్రీజు మరకల మధ్య, ఎడమకి ఒరిగిన గుండ్రటి అక్షరాలు. ఆవిడ ఒక్కో పేజీ తిప్పుతూ చివరికొచ్చి ఆగింది.

"ఆఖరి పేజీ చిరిగిపోయిందే."

"ఆఖర్న ఏముంటుందమ్మా, అందరికీ కృతజ్ఞతలు తప్ప!"

"పెన్సిలుందా?"

చెవి మీదున్నది తీసి ఇచ్చాడు. అతను ఫ్రిజ్ నడిపి చూసేలోగా ఆవిడ ఏదో రాసింది. ఫోన్ నంబరేమో అనుకున్నాడు. పుస్తకం పెట్టె మీద పెట్టి, జీపెక్కి, మలుపు తిరిగి వెళ్లిపోయింది.

"వస్తూ వస్తూనే నా సెంచరీ చెడగొట్టింది," అని గొణిగాడు బాబాయ్. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి, "బండ్ల వాళ్ల నంబర్లు తియ్యి," అన్నాడు.

"ఎందుకండీ? ఎవరూ ఏమీ అనలేదుగా?"

"అనేదాకా ఆగాలా? నా చేతి పని అది."

మొదటి ఫోన్ కలిసింది. బాబాయ్ గొంతు తగ్గించలేదు.

"నేను, బ్యాటరీ బాబాయ్‌ని. మీ బండికి ఒక ఫ్యూజు తక్కువ పెట్టాను. తప్పు నాదే. వెంటనే తీసుకురండి, సరిచేస్తాను."

రెండోది. మూడోది. ప్రతిసారీ అదే మాట, అదే గొంతు. గొప్పలు చెప్పుకున్నప్పుడు కూడా భర్త తనకి ఇంత గొప్పగా కనిపించలేదు. భార్య గర్వంతో పొంగిపోయింది. ఆ మురిపెంలోనే పుస్తకం సర్దబోయి, విప్పి చూసింది.

"ఏమండీ, ఇటు రండి."

వెనక అట్ట లోపలి వైపు పెన్సిలు బొమ్మ. రెండు బ్యాటరీలు, వాటి గుమ్మాల్లో చెరో ఫ్యూజు, మధ్య వైరు మీద రెండు వైపుల నుంచీ ఎదురెదురుగా నడుస్తున్న చీమలు.

"నేను చెప్పానుగా, విని వేసుంటుందిలే," అన్నాడు బాబాయ్.

"బొమ్మ కాదు. కింద రాత చూడండి."

'చిరిగిన పేజీ ఇదే. ఈసారి పోగొట్టుకోకండి. మీ పని శుభ్రంగా ఉంది.'

ఎడమకి ఒరిగిన గుండ్రటి అక్షరాలు.

ఫోన్‌లో నాలుగో బండివాడు "హలో, హలో" అంటూనే ఉన్నాడు. బాబాయ్ వీధి మలుపు దాకా పరుగెత్తి, ఒట్టి రోడ్డు చూసి తిరిగొచ్చాడు.

ఇరవై ఏళ్లుగా దుమ్ము దులుపుతున్న కుర్చీ ఎప్పట్లాగే ఖాళీగా ఉంది. ఆ పుస్తకం రాసినావిడ రెండు గంటలూ బ్యాటరీ పెట్టె మీదే కూర్చుని వెళ్లిపోయింది.