నాలుగో లేన్ ఖాళీ

తల్లి చేతిలోని నూనె సీసాను ఎవరో ఠక్కున లాక్కున్నారు.

కొలను పక్కన కూర్చున్న తల్లుల వరుస వరుసంతా గుడ్లప్పగించి చూసింది.

బాలికల వంద మీటర్ల ఈత ఫైనల్‌కి ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. గ్యాలరీలో కేకలు పైకప్పు లేచిపోయేలా ఉన్నాయి. అందరూ చేపపిల్ల అని పిలిచే పదమూడేళ్ల పిల్ల బల్ల మీద తల వాల్చి పడుకుంది. తల్లి ఆ పిల్ల చెవిలో గోరువెచ్చని నూనె చుక్కలు వేయబోతోంది.

నూనె వేస్తే చెవిలోకి నీళ్లు పోవని అక్కడి తల్లులందరిదీ ఒకటే నమ్మకం. ఒకావిడైతే ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చి, అందరి సీసాలూ తనే వెచ్చబెట్టి ఇస్తుంది. ఇంతమంది అనుభవం ఉండగా డాక్టరును అడగాలని ఎవరికి తోస్తుంది?

"నూనె వద్దమ్మా. చెవి కారుతోంది. పాపని నీళ్లలోకి దింపకండి," అన్నాడు సీసా లాక్కున్న మనిషి, బల్ల మీద పడున్న పచ్చటి దూదిని చూపిస్తూ.

యాభైకి దగ్గర్లో ఉంటాడు. వెలిసిన చొక్కా, మెడలో ప్రవేశ పాసు. ముక్కూ మొహం తెలియదు.

తల్లికి ఒళ్లు మండింది. చెవి కారుతున్న సంగతి ఆమెకి తెలియక కాదు. పది రోజులుగా దూది పెట్టి దాచుకొస్తోంది. కోచ్‌కి తెలిస్తే దిగనివ్వడు. ఈ ఫైనల్లో మొదటి ఇద్దరిలో ఉంటే చాలు, పిల్ల పెద్ద జట్టులోకి వెళ్తుంది. రెండేళ్లుగా తల్లీకూతుళ్లు కోడి కూయకముందే లేచింది దీనికోసమే.

ఆయన అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తున్నాడు.

"ఎవరి తండ్రివయ్యా నువ్వు? మా పిల్ల తప్పుకుంటే మీ పిల్ల గెలుస్తుందనా?" అని తల్లి నిలదీసింది.

ఆయన ఉలకలేదు, పలకలేదు. తిన్నగా కోచ్ దగ్గరికి వెళ్లి భుజం తట్టి, ఏదో చెప్పాడు.

విచిత్రం ఏమిటంటే, ఎవరి మాటా ఒక పట్టాన వినని కోచ్ ఒక్క ఎదురు ప్రశ్న వేయలేదు. పరుగున వచ్చి పిల్ల చెవిలోకి వంగి చూశాడు. మరుక్షణం పిల్ల చెయ్యి పట్టుకుని డాక్టరు గదికి తీసుకుపోయాడు. నొప్పి లేదు, ఈదుతానని పిల్ల ఏడుస్తూనే వెళ్లింది.

మైకులో పేర్లు పిలిచారు. నాలుగో లేన్ ఖాళీ.

తల్లి మాత్రం కొలను పక్కనే ఉండిపోయింది. ఏడుగురు పిల్లలు ఒక్కసారిగా దూకారు. నీళ్లు ఎగిసిపడ్డాయి. మూడో లేన్ పిల్లా ఐదో లేన్ పిల్లా నువ్వా నేనా అన్నట్టు ఈదుకొచ్చారు. జనం లేచి నిలబడి గొంతులు చించుకున్నారు. మూడో లేన్ పిల్ల గోడ తాకింది, సమయం బోర్డు మీద పడింది. నిన్నటి సెమీఫైనల్లో చేపపిల్ల అంతకంటే రెండు సెకన్లు ముందే వచ్చింది.

తల్లికి ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. గేటు కాపలావాడి దగ్గరికి వెళ్లి, ఫలానా మనిషి ఆడవాళ్ల చేతుల్లోంచి వస్తువులు లాక్కుంటున్నాడని ఫిర్యాదు చేసింది. కాపలావాడు ఆయన మెడలోని పాసు తీసేసుకుని, మళ్లీ ఇటు రావద్దని బయటికి దారి చూపించాడు.

అయినా ఆమె కసి తీరలేదు. "నా బిడ్డ నోటి దగ్గరి ముద్ద లాగేశావు. నీ పిల్లలకీ ఇదే గతి పట్టాలి," అని వెనకనుంచి శాపం పెట్టింది.

ఆయన అదే నడకతో వెళ్లిపోయాడు. ఎంత పొగరు అనుకుందామె.

తల్లి డాక్టరు గదికి వెళ్లేసరికి తెర మీద పిల్ల చెవి లోపలి బొమ్మ కనిపించింది. కర్ణభేరికి ఆవగింజంత చిల్లు. నూనె పోసి నీళ్లలోకి దింపి ఉంటే చీము ఇంకా లోపలికి పాకేదని డాక్టరు చెప్పింది. మందులు వాడి, మూడు నెలలు కొలను మొహం చూడకపోతే ఆ చిల్లు పూడుకోవచ్చు, వినికిడీ తిరిగి రావచ్చు, వచ్చే ఏడు హాయిగా ఈదొచ్చు.

"ఈల సరిగ్గా వినపడట్లేదమ్మా. పక్కవాళ్లు కదలడం చూసి దూకుతున్నా," అంది పిల్ల మెల్లగా.

తల్లి ఇంకేమీ వినకుండా గేటు వైపు పరిగెత్తింది.

ఆయన రోడ్డు అవతల బస్సు మెట్టు మీద కాలు పెడుతున్నాడు.

"అన్నా, ఆగన్నా. తప్పు నాదేనన్నా," అని గొంతు పగిలేలా పిలిచింది.

దారిన పోయేవాళ్లందరూ తిరిగి చూశారు, ఆయన తప్ప. బస్సు కదిలిపోయింది.

కోచ్ రొప్పుతూ వెనకే వచ్చాడు. తను ఆయన్ని ఎలా గెంటించిందో, ఎన్నెన్ని మాటలందో దాచకుండా చెప్పి, తల్లి వెక్కి వెక్కి ఏడ్చింది.

"అంత కోపం వచ్చింది సార్ ఆయనకి. ఎంత పిలిచినా వెనక్కి తిరగలేదు."

కోచ్ బస్సు పోయిన వైపే చూస్తూ, అది కోపం కాదన్నాడు. ఆ మనిషి ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకుంటాడు. ఏటా పోటీలకి వచ్చి పిల్లల చెవులే చూస్తూ కూర్చుంటాడు. ఇక రాడేమో.

"అప్పుడు మా ఇద్దరికీ పదమూడేళ్లమ్మా. కారుతున్న చెవి దాచిపెట్టి ఇవే పోటీల్లో ఈదాడు. ఆ వారమే చీము మెదడుకి పాకి, ప్రాణం దక్కింది గానీ రెండు చెవులూ పోయాయి. ఆ రోజు నన్ను ఓడించి పతకం అందుకున్నప్పుడు మోగిన చప్పట్లే వాడికి గుర్తున్న ఆఖరి చప్పుడట."