దారికడ్డంగా చింతమొద్దు

“ఇంక ఒక్క అడుగు కూడా వెయ్యనివ్వరు సార్,” అంటూ జట్కా ఆపేశాడు నాగూర్.

జిల్లా ఎల్లమీద, రోడ్డుకడ్డంగా చింతమొద్దు. దానిమీద పదిమంది కుర్రాళ్లు. డెబ్బైమూడు జనవరి, రాష్ట్రం రెండు ముక్కలు కావాలని ఊరూరా గొడవ. బండిలో ఆదిశేషయ్య మాస్టారి కూతురు అక్కమ్మ తొలికాన్పు నొప్పులతో నిన్నటినుంచీ అల్లాడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది, నావల్ల కాదని మంత్రసాని చేతులెత్తేసింది. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ ఎల్ల దాటాక ఆరు మైళ్లలో ఉంది. బెజవాడ దాకా పోయే ఓపిక పిల్లకి లేదు.

“భయపడకు నాగూరూ. ఆ ముందున్నవాడు మా వెంకటప్పయ్యే. తిరువూరు కాలేజీలో నా శిష్యుడు. వక్తృత్వ పోటీల్లో ఏ పక్షం వచ్చినా కప్పు కొట్టుకొచ్చేవాడు. రెండు పక్షాలకీ నేనే తర్ఫీదిచ్చా. చెబితే వింటాడు.”

మాస్టారు దిగారు. పొరుగు దేశాలు ఎలా ఒకటవుతాయో పదేళ్లుగా చదువుతున్న మనిషి. ఆ చదువు ఇవాళ కూతుర్ని కాపాడాలి.

“ఒరే వెంకటప్పయ్యా, యూరపు వాళ్లు ఒకర్నొకరు చంపుకున్నవాళ్లే. ముందు బొగ్గూ ఇనుమూ కలుపుకున్నారు. తర్వాత సంతలు కలిశాయి. రేపు రాజ్యాలూ కలుస్తాయి. రాకపోకలుంటే పగలు వాటంతటవే చస్తాయిరా!”

వెంకటప్పయ్య జేబులోంచి కరపత్రం తీశాడు. “దీంట్లో అలా లేదు సార్. ‘సంత కలిసినంత మాత్రాన సంసారం కలవదు. గట్టు తీసేస్తే పల్లపు చేనే నిండుతుంది.’”

ఎవడో చదువుకున్నవాడే రాశాడు, అనుకున్నారు మాస్టారు. బండిలో అక్కమ్మ కేక పెట్టింది.

“వాదన తర్వాతరా! నీ చెల్లెలనుకుని ఆ మొద్దు పక్కకి లాగించు. నీకు దణ్ణం పెడతా.”

కుర్రాడి మొహం వాడిపోయింది. అయినా కదల్లేదు. “మావాళ్లంతా ఈ కరపత్రం మీదే ప్రమాణం చేశారు సార్. ‘దారి మూస్తేనే పొరుగువాడు దిగొస్తాడు. కన్నీళ్లకి కరిగి ఒక్క బండిని వదిలినా ఓడినట్టే.’”

“ఏ చచ్చినోడు రాశాడ్రా అది?” మాస్టారు అరిచారు. “వాడి కన్నకూతురు ఇలా నడిరోడ్డుమీద కొట్టుకుంటే తెలిసొచ్చేది!”

వెంకటప్పయ్య తలెత్తలేదు.

“పోయినేడు పోటీకి మీరు రాసిచ్చిందేనండి.”