టీకా రిజిస్టరు

"ఆస్పత్రి చెత్త తనిఖీకి వచ్చిన పొల్యూషన్ బోర్డు ఆఫీసరు కింద కూర్చున్నాడు. తొందరగా వేలిముద్ర వెయ్యి," అంటూ నర్సింగ్ హోమ్ మేనేజర్ రాఘవేంద్ర రిజిస్టరు ముందుకు జరిపి ఇంకుప్యాడ్ తెరిచాడు.

ఆయా అండాలమ్మ చేతిలోని పసుపు రంగు చెత్త సంచి కింద పెట్టి, నర్సు అమల వైపు తిరిగింది. "గిండ్ల ఏం రాసిన్రు బిడ్డా?"

"ఆస్పత్రి చెత్త ఎత్తేవాళ్లందరికీ కామెర్ల టీకా మూడు డోసులూ వేశామని రాశారమ్మా."

"నాకెప్పుడేసిన్రు? మొన్న సంచిల సూది గుచ్చుకుంటే నీళ్లతోని కడుక్కోమన్నరు, గంతే."

"తర్వాత వేయిస్తాంలే. ఇప్పుడు వేలు పెట్టకపోతే రేపట్నుంచి పనిలోకి రాకు," అన్నాడు రాఘవేంద్ర.

"రాకుంటేంది? ఎల్‌బీ నగర్ల ఇంకో దవాఖాన దొర్కదా? సూది ఏసినంకనే ఏలు పెడ్త." అండాలమ్మ రెండు చేతులూ కట్టుకుని నిలబడింది.

అమలకు ఎందుకో అనుమానం వచ్చి పేజీ తిప్పింది. అక్కడ తన పేరూ ఉంది. దానికెదురుగా మూడు సంతకాలు. ఒక్కటీ తను పెట్టింది కాదు. తనకూ ఆ టీకా ఎవరూ వేయలేదు.

"ఇటివ్వు అమలా, అదంతా నేను చూసుకుంటాను."

"ఆఫీసరుగారు చూస్తారులెండి సార్." అమల రిజిస్టరు పట్టుకుని మెట్లవైపు నడిచింది.

"ఆగు బిడ్డా, నేను గూడ ఒస్తున్న," అంది అండాలమ్మ.