అడుగు తలుపు

“కోటు తొడుక్కో.”

“గీ ఎండల చలికోటా సార్? సచ్చిపోత!” నాగరాణి వెల్డింగ్ అద్దాలు నుదుటి మీదికి నెట్టింది.

“ట్యాంకుల సచ్చుడుకంటే నయమే. తొడుక్కో,” అన్నాడు తనిఖీకి వచ్చిన కాటమయ్య.

చిట్యాల హైవే పక్క షెడ్డులో యాభై ఏళ్ల నాటి యుద్ధట్యాంకు. కొత్త ఇంజను, చీకట్లో చూసే కెమెరా, డ్రోన్లను ఆపే ఇనుప జాలీ బిగించారు. పాత ఇనుముకు కొత్త రంగు పూసి పేదోళ్ల పిల్లల్ని లోపల కూర్చోబెట్టే పని. సాయంత్రం ట్రైలరెక్కి మంచుకొండల సరిహద్దుకు పోవాలి.

నాగరాణి డ్రైవర్ సీట్లోకి దిగింది. పై మూతకు ఫిరంగి గొట్టం అడ్డమొస్తే, నిప్పంటుకున్నప్పుడు బయటపడే దారి కింది అడుగు తలుపొక్కటే. మొన్న ఉత్త చొక్కా మీద నాలుగుసార్లు జారి బయటికొచ్చింది. ఇప్పుడు కోటుతో కొత్త బ్యాటరీ పెట్టె దగ్గర నడుం ఇరుక్కుంది. ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. ఊపిరాడలేదు. ఇద్దరు పనోళ్లు కింద నుంచి కాళ్లు పట్టి గుంజారు.

“పెట్టె కోసి పక్కకు జరుపు,” అన్నాడు కాటమయ్య.

మేనేజర్ నరేశ్ ఉరికొచ్చాడు. “ఎవర్నడిగి కోస్తరు? పై ఆఫీసు డ్రాయింగది! గీసినోడు ఎవడైనా నీకంటే పెద్ద ఇంజినీరే!”

“ఇంజినీరు గాదు, హంతకుడు. ఇరవై బండ్లు గిట్లనే పంపిండు.”

“ఆయన మీద కుళ్లు నా షెడ్డుల కక్కకు! నాగరాణీ, గ్యాసు ముట్టిచ్చినవంటే రేపట్నుంచి పనికి రాకు.”

ఈ ముసలాయనకు ఆ ఇంజినీరుతో పాత పగ ఉందని ఆమెకూ అనిపించింది. పగైతే ఏంది? ఇరుక్కున్నది తన నడుమే కదా. బ్యాటరీలు విప్పించి, ఇనుము కోసే గ్యాసు ముట్టించింది.

“పోయినట్టే నీ కొలువు!” నరేశ్ ఫోన్ చెవిన పెట్టుకుని ఒర్లుకుంటూ పోయాడు.

నిప్పురవ్వలు చిమ్మాయి. పెట్టె ఊడి ఠంగుమని పడింది. నాగరాణి మళ్లీ దిగి, కోటుతోనే సర్రున జారి బయటికొచ్చింది.

“మే నెలల, చొక్కా మీద కొల్తలు తీసిండు సార్ వాడు! ముందు పోయిన ఇరవై బండ్లల్ల పిలగాండ్ల గతేంది?”

“పొద్దున్నే ఉత్తరం రాసిన, ఆపుమని.”

“వాని పేరు చెప్పుండ్రి, గల్లా పట్టి అడుగుత.”

కాటమయ్య నేలచూపులు చూశాడు.

“గీసింది నేనే బిడ్డా.”