ఉల్లివేరు బొమ్మ

"చెరిపీ! పుస్తకంలో ఎలాగుందో అలాగే గీసీ!" జగ్గారావు రబ్బరు తీసి కూతురి ముందు విసిరాడు.

"నహీ నాన్నా, చెరపను," అంది సింధు.

టాటానగర్ యార్డులో వ్యాగన్ చక్రాలు తనిఖీ చేసే జగ్గారావుని డ్యూటీ మధ్యలో స్కూలు ల్యాబుకి పిలిపించింది బయాలజీ కల్యాణి మేడమ్. సింధు రికార్డులో బొమ్మ మీద ఎర్ర ఇంటూ మార్కు ఉంది.

"ఒక కణం రెండుగా విడిపోవడంలో మొదటి దశండీ ఇది. ప్రొఫేజ్ అంటారు. క్లాసంతా పుస్తకం చూసి చక్కగా గీశారు. మీ అమ్మాయి మాత్రం దారం ఉండ గీసింది. నా రిమార్కు కింద సంతకం పెట్టండి."

"ఐదు రోజులు ఉల్లిపాయని నీళ్ళల్లో పెట్టి వేళ్ళు తెప్పించాను. ఆ వేరు కొన మైక్రోస్కోపులో అలాగే కనబడింది. స్లయిడు ఇంకా అక్కడే ఉంది!" సింధు గొంతు పెంచింది. "చక్రం చూడకుండా నువ్వు ఫిట్ అని రాసేత్తావేటి నాన్నా?"

జగ్గారావు చెయ్యి లేచింది. లేచిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"మేడమ్, మీరు చూసినారా?"

"చూడ్డానికేముందండీ? ఇరవై ఏళ్ళుగా చెప్తున్న పాఠమే!"

జగ్గారావు మైక్రోస్కోపు మీదికి వంగి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. చిన్న గదిలాంటి కణంలో, సింధు గీసినట్టే, దారాలు చిక్కుపడి ఉన్నాయి.

జేబులోంచి పెన్ను తీశాడు. రిమార్కు కింద కాదు, కూతురి బొమ్మ కింద సంతకం పెట్టాడు. పెన్ను మేడమ్ ముందు టపీమని పెట్టాడు.

"నేను చూసి పెట్టినాను. ఇప్పుడు మీరు చూసి పెట్టండి."