మేకుకు వేలాడే సంచీ

మేకుకు సంచీ ఉంది. సంచీలో సీసా లేదు.

"మళ్ళీ మాయం!" అంది పెద్దక్క. "నెలలో ఇది మూడోసారి. ముందు రెండుసార్లూ చెత్తలోనే దొరికింది."

ఆ ఎంబ్రాయిడరీ గదిలో ఎనిమిది మంది ఆడవాళ్ళు రోజంతా చట్రాల మీద వంగి సూది పని చేస్తారు. పెద్దక్క వాళ్ళకి పెద్ద.

ఎవరి కన్ను ఎర్రబడినా గోడకున్న సంచీలోంచి చుక్కల మందు తీసి వేసుకోవడం అక్కడి పద్ధతి. రెండు రోజులు వేస్తారు. ఎరుపు తగ్గగానే సీసా మళ్ళీ సంచీలోకి వెళుతుంది, ఇంకొకరి కంటి కోసం.

సంచీ అరచేయంత. దాని మీద ఒక పిట్ట. ఎప్పుడో అక్కడ పనిచేసినావిడ కుట్టింది. కొత్తగా చేరేవాళ్ళకి పెద్దక్క ఆ పిట్టనే చూపించి, "ఇలా కుట్టు, చూద్దాం" అంటుంది. ఇంతవరకూ ఎవరికీ కుదరలేదు.

"నేనే పారేశానమ్మా," అంది మూల నుంచి చీపురు పట్టుకున్న ఆవిడ.

ఎనిమిది తలలూ లేచాయి.

ఊడవడానికి చేరి నెలన్నర. గదిలో ఉన్నా నల్లద్దాలు తీయదు. అందుకే అందరికీ ఆవిడ 'నల్లద్దాలు'. నేలమీద రాలిన సూదుల్ని చేత్తో తడిమి ఏరుతుంది. ఒక్కటీ గుచ్చుకోదు.

"పారేశావా? ఎవర్నడిగి?"

"మూత తీసి నాలుగు నెలలైందని మీ మాటల్లోనే విన్నాను. దాని ముక్కు అందరి కళ్ళకీ తగిలింది. అది ఇంక మందు కాదమ్మా."

"ఓహో! చీపురు పక్కన పెట్టి డాక్టరమ్మ అవతారం ఎత్తావా?"

గదంతా ఒకటే నవ్వులు. పెద్దక్క కూతురు మాత్రం నవ్వలేదు. రుమాలుతో కుడికన్ను అదుముకుంటోంది. కిటికీ పక్క చట్రం ఆ పిల్లదే. అంత సన్నని పని మిగతావాళ్ళ వల్ల కాదు.

నల్లద్దాలావిడ అటు తిరిగింది.

"పొద్దుట్నుంచి రెండుసార్లు కుర్చీ జరిగిన చప్పుడు విన్నాను. వెలుతురు ఓర్చుకోలేకపోతున్నావు కదూ? నొప్పి ఉందా తల్లీ?"

"ఇసుక పడ్డట్టుంది," అంది కూతురు. "కాస్త మసక కూడా."

"ఇది మామూలు ఎరుపు కాదమ్మా. ఈ రోజే కంటి డాక్టరుకి చూపించండి. ఏ క్రిమో చూసి దానికి తగ్గ మందు ఆయనే ఇవ్వాలి. ఆయన ఆపమనేదాకా వెయ్యాలి. తగ్గిందని మధ్యలో ఆపేస్తే లోపల మిగిలింది మొండికేస్తుంది."

"ఎల్లుండి ఆర్డరు ఇచ్చేయాలి. దీన్ని ఆస్పత్రిలో కూర్చోబెడితే ఆ పని నువ్వొచ్చి కుడతావా?"

ఆవిడ చీపురు కర్రకు చుట్టుకున్న గుడ్డను వేళ్ళతో బిగించుకుంది.

పెద్దక్క అక్కడితో ఆగలేదు. సంచీ వైపు చెయ్యి చూపించింది.

"ఈ పద్ధతి పెట్టింది ఎవరనుకున్నావు? ఆ పిట్టను కుట్టినావిడే. మొదటి సీసా తనే కొని, సంచీ కుట్టి, తన చేత్తోనే ఆ మేకుకు తగిలించిందట. తోటివాళ్ళ కళ్ళ కోసం ఆలోచించిన మహాతల్లి! ఆవిడ కన్నా నీకెక్కువ తెలుసా?"

"ఆవిడ తర్వాత ఏమైందో ఎవరైనా చెప్పారా అమ్మా?"

"ఏమవుతుంది? ఇంతకన్నా మంచి చోట పని దొరికి వెళ్ళిపోయుంటుంది. రేపట్నుంచి నువ్వూ ఆ పని చెయ్యి."

ఆవిడ చీపురును గోడకు చేర్చింది. గోడ తడుముకుంటూ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఈ రోజే, అమ్మా."

ఏ వీధిలో ఉంటుందో ఎవరూ అడగలేదు.

సీసా చెత్తబుట్టలో పైనే ఉంది. పెద్దక్క దాని ముక్కును పైటకొంగున తుడిచి, కూతురి కంట్లో రెండు చుక్కలు వేసింది.

ఆర్డరు వేళకే వెళ్ళింది. మూడో రోజు పొద్దున కూతురి నల్లగుడ్డు మీద బియ్యపుగింజంత తెల్లమచ్చ కనిపించింది.

కంటి డాక్టరు మచ్చ మీంచి కొంచెం గీకి తీసి పరీక్షకు పంపాడు. సీసా కూడా తీసుకున్నాడు.

"ఈ చుక్కలు ఎన్నాళ్ళుగా వాడుతున్నారమ్మా?"

"ఎన్నాళ్ళని కాదండీ. ఎర్రబడినప్పుడల్లా రెండేసి రోజులు."

"ఒక్క ఈ అమ్మాయేనా?"

"గదిలో ఎవరికి ఎర్రబడినా అదేనండీ," అంది పెద్దక్క.

రెండు రోజులకు ఆయన మళ్ళీ పిలిచాడు. "కంట్లో ఉన్న క్రిమే సీసాలోనూ పెరిగింది. ఈ మందుకు అది చావడం మానేసింది. వేరే మందు గంటగంటకీ వేస్తున్నాం. కన్ను నిలుస్తుంది. మచ్చ మాత్రం ఉండిపోతుంది. సూదిలో దారం ఎక్కించే చూపు వస్తుందని నేను మాట ఇవ్వలేను."

పెద్దక్క దేవుణ్ణి తప్పు పట్టలేదు. ముందే చెప్పే మనిషిని పంపడం ఆయన వంతయితే, పంపాడు. చేతికి చీపురిచ్చి ఎందుకు పంపాడన్నదే ఆమెకు అర్థం కాలేదు. లేక చీపురు పట్టినవాళ్ళ మాట తనకు వినపడుతుందో లేదో చూశాడా?

వారం తర్వాత గది తలుపు తీసింది. కిటికీ పక్క చట్రం ఖాళీ. నేలంతా దారపు ముక్కలు. ఊడ్చే మనిషి లేదు.

గోడకున్న చీపురు తనే తీసుకుంది. కర్రకు చుట్టిన గుడ్డ అరచేతికి గరుగ్గా తగిలింది. విప్పింది.

గుడ్డ లోపలివైపు వరసగా పిట్టలు.

మొదటిది ఇప్పుడే ఎగిరిపోయేలా ఉంది. రెండోదానికి ముక్కు పక్కకు జరిగింది. మూడోదాని రెక్క ఒంటికి అతకలేదు. నాలుగోదాని కన్ను తలకు బయట ఉంది. చివర పిట్టే లేదు, ఒక దారపు చిక్కు ఉంది.

పెద్దక్క మేకుకున్న సంచీని తీసి, దాని మీది పిట్టను గుడ్డ మీది మొదటి పిట్ట పక్కన పెట్టింది. కుట్టుకు కుట్టు, రెండూ ఒకే చేతివి.